ఎంతసేపు చూశారో రాయండి
గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కొలనోస్కోపీ చేస్తున్న డాక్టరుగార్లందరికీ,



నేను వైద్యం చదివినవాణ్ణి కాను. తూనికలు కొలతల శాఖలో 31 ఏళ్లు పనిచేసి దిగిపోయినవాణ్ణి. కిరాణాకొట్లో కాటా, రైతుబజారులో తూకపు రాళ్లు, పెట్రోలు బంకులో పంపు, ఇవీ నా ఫైళ్లు. బంకులో అయిదు లీటర్ల కొలత డబ్బా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అనుమానం వస్తే పెట్రోలు పోయించుకునే ఎవరైనా సరే, దాంతో పట్టి చూపించమని అడగొచ్చు. ఆ డబ్బాలో 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే పంపు ఆపించేవాళ్లం. 25 మిల్లీలీటర్లంటే దగ్గుమందు మూతతో రెండున్నర మూతలు. దానికోసం బంకు యజమానులతో ఎండలో నిలబడి ఎన్ని గొడవలు పడ్డానో చెబితే మీకు నవ్వొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా బావగారు కాకినాడలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 61వ ఏట మోషన్‌లో అప్పుడప్పుడు రక్తం కనిపిస్తుంటే ఒక ఆసుపత్రిలో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకున్నారు. ఏ ఆసుపత్రో ఇక్కడ అనవసరం. మొలలు ఉన్నాయి, మిగతాదంతా నార్మల్ అని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. రెండేళ్ల నాలుగు నెలలు గడిచాక మేడమెట్లు ఎక్కితే ఆయాసం రావడం మొదలైంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7. మళ్లీ స్కోపు వేశారు. కుడివైపు పెద్దపేగులో కేన్సర్. ఆపరేషన్ జరిగింది, కీమో జరిగింది, మనిషి మిగిలారు.

మొదటి డాక్టరుగారు తప్పు చేశారని నేను అనడం లేదు. ఆ గడ్డ అప్పటికి లేదేమో, తర్వాత త్వరత్వరగా పెరిగిందేమో. నా బాధ వేరు. ఆ రిపోర్టు ముందు పెట్టుకుని అవునో కాదో తేల్చడం ఎవరి తరమూ కాదు. పేగు ఎంత శుభ్రంగా ఉందో అందులో రాయలేదు. స్కోపు సీకం దాకా, అంటే పెద్దపేగు మొదలయ్యే చోటు దాకా, వెళ్లిందని ఒక వాక్యం ఉంది, దానికి సాక్ష్యంగా ఫొటో లేదు. వెనక్కి తీస్తూ ఎన్ని నిమిషాలు చూశారో లేదు. బిల్లు మాత్రం భేషుగ్గా ఉంది. గ్లౌజులు ఎన్ని జతలు వాడారో, సిరంజీలు ఎన్నో, జెల్లీ ట్యూబు ఖరీదెంతో పైసలతో సహా రాశారు.

ఆసుపత్రి మంచం మీద పడుకుని బావగారు నాతో అన్న మాట ఇది: "బంకులో రెండు మూతల పెట్రోలు తగ్గితే కేసు రాసేవాడివి కదరా. నా పేగులోకి ఎంతసేపు చూశారో రాసిన కాగితం ఎక్కడైనా ఉందేమో కనుక్కో." నేను కనుక్కున్నాను. లేదు.

ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, ఇంగ్లండ్‌లో ఒక ఎండోస్కోపీ యూనిట్‌లో నర్సు. తండ్రిని చూడ్డానికి వచ్చినప్పుడు నాకు రాత్రిళ్లు కూర్చుని పాఠాలు చెప్పింది. "మావయ్యా, స్కోపు సీకం చేరగానే డాక్టరు పైకి చెప్తారు, నేను టైము నోట్ చేస్తాను. బయటికి వచ్చాక మళ్లీ నోట్ చేస్తాను. ఏ డాక్టరు ఎన్ని చేశారో, ఎందరిలో పాలిప్స్ దొరికాయో లెక్క తీసి వాళ్ల ముందు పెడతారు." నాకు వెంటనే మా శాఖ వార్షిక తనిఖీ గుర్తొచ్చింది. ఆ తర్వాత నేనే చదువుకుంటూ పోయాను. కింద రాసేవి మీకు కొత్త కావు. కానీ ఈ లేఖ మీ పేషెంట్లు కూడా చదువుతారు కాబట్టి కొంచెం విడమరిచి రాస్తున్నాను, విసుక్కోకండి.

స్కోపు లోపలికి వెళ్లేటప్పుడు జరిగేది ప్రయాణం. చూడటం జరిగేది ఎక్కువగా తిరుగు ప్రయాణంలో. అయిదడుగుల పొడవున్న పేగు, లోపలంతా మడతలే. పేగు గోడమీద వచ్చే బుడిపెల్ని పాలిప్స్ అంటారు. వాటిలో కేన్సర్‌గా మారగల అడినోమా పాలిప్ మడత వెనక నక్కి ఉంటుంది, కొన్నయితే గోడకి అంటుకుపోయి చదునుగా ఉంటాయి. ప్రతి మడత వెనక్కీ తొంగి చూడాలి, నీళ్లు కొట్టి కడగాలి, మిగిలిన ద్రవం పీల్చేయాలి. ఇదంతా ఓపిక పని. వెంటవెంటనే రెండుసార్లు స్కోపు వేసి చూసిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే, మొదటిసారి తప్పిపోయిన అడినోమాలు నూటికి పాతిక వరకు తేలాయి. తప్పిపోయినవాటిలో ఎక్కువ చిన్నవేలెండి, సెంటీమీటరు దాటినవి తప్పిపోవడం తక్కువ. అయినా నాలుగో వంతు అంటే, ఇదే తరుగు కాటాలో కనిపిస్తే నేను ఆ కాటాని జీపులో వేసుకుని పోయేవాణ్ణి.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో 12 మంది డాక్టర్లు కలిసి ప్రాక్టీసు చేసేవారు. ఎవరు ఎంతసేపు చూస్తున్నారో తమకు తామే లెక్క వేసుకుని 2006లో ప్రచురించారు. పాలిప్ ఏదీ తీయని పరీక్షల్లో వెనక్కి తీసే సమయం ఒకరికి సగటున 3.1 నిమిషాలు, మరొకరికి 16.8. ఒకే ఊరు, ఒకే రకం పేషెంట్లు, ఒకే రకం గొట్టం. సగటున 6 నిమిషాలో అంతకన్నా ఎక్కువో చూసినవాళ్లు నూటికి 28 మందిలో అడినోమానో కేన్సరో పట్టుకుంటే, అంతకన్నా తక్కువ చూసినవాళ్లకు దొరికింది నూటికి 12 మందిలోనే. తర్వాత వాళ్లే గదిలో టైమరు పెట్టుకుని 8 నిమిషాలకు తగ్గకుండా చూడటం మొదలుపెట్టారు. అడినోమానో కేన్సరో దొరికినవాళ్ల సంఖ్య నూటికి 23.5 ఉన్నది 34.7కి పెరిగింది. తమ తూకం తామే బయటపెట్టిన ఆ పన్నెండుగురికి నా దండాలు. మా శాఖలో పనిచేసిన 31 ఏళ్లలో తన కాటాలో తేడా ఉందని తానే వచ్చి చెప్పిన వ్యాపారిని నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు.

గడియారం ఒక్కటే చాలదన్నది కూడా చెప్పాలి. బోస్టన్‌లో ఒక పెద్దాసుపత్రి 7 నిమిషాలు తప్పనిసరి చేసింది. డాక్టర్లు దాదాపు అందరూ పాటించారు. దొరికే పాలిప్స్ మాత్రం పెరగలేదు. గడియారం చూస్తూ కూర్చోవడం వేరు, మడతల వెనక్కి చూడటం వేరు. అందుకే నిమిషాల లెక్క కన్నా పైన ఇంకో లెక్క ఉంది. ఒక డాక్టరు చేసిన ప్రతి 100 పరీక్షల్లో ఎందరికి కనీసం ఒక్క అడినోమా దొరికింది? దాన్నే అడినోమా డిటెక్షన్ రేట్, ఏడీఆర్ అంటారు.

ఈ లెక్కకు ప్రాణం పోసింది పోలండ్. అప్పటికి ధనికదేశమేం కాదు. 2000లో దేశమంతటా కొలనోస్కోపీ స్క్రీనింగ్ మొదలుపెట్టి, ఎవరు చేశారో, ఏం దొరికిందో ఒకేచోట రాసిపెట్టుకున్నారు. ఆ పుస్తకాలు తిరగేసి 2010లో ఫలితం చెప్పారు. 186 మంది డాక్టర్లు, 45,026 మంది పేషెంట్లు. ఏడీఆర్ 20 దాటిన డాక్టరు చేతిలో "నార్మల్" అనిపించుకున్నవాళ్లకీ, 20 లోపు ఉన్న డాక్టరు చేతిలో అదే మాట అనిపించుకున్నవాళ్లకీ, తర్వాతి పరీక్ష లోపే కేన్సర్ బయటపడే ప్రమాదంలో తేడా పది రెట్లకు పైనే. నాలుగేళ్లకు అమెరికాలో, ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ ఆసుపత్రుల్లో 136 మంది డాక్టర్లు చేసిన 3,14,872 పరీక్షలు చూశారు. ఏడీఆర్ ఒకరికి 7.4, ఇంకొకరికి 52.5. ఆ సంఖ్య ఒక్క శాతం పెరిగితే తర్వాత వచ్చే కేన్సర్ ముప్పు 3 శాతం తగ్గుతోంది.

నన్ను కదిలించింది వీటికన్నా పోలండ్‌వాళ్లు ఆ తర్వాత చేసిన పని. తక్కువ ఏడీఆర్ వచ్చినవాళ్లని వేలెత్తి చూపలేదు. ఏటేటా ఎవరి అంకె వాళ్లకి చెప్పారు, కేంద్రాల పెద్దలకి శిక్షణ ఇచ్చారు. చాలామంది అంకెలు మెరుగయ్యాయి. అలా మెరుగయిన డాక్టర్ల పేషెంట్లలో కేన్సర్లూ చావులూ తగ్గాయని 2017లో రాశారు. చూసే కన్ను పుట్టుకతో రాదు, నేర్చుకోవచ్చు అని దానర్థం. ఇంతకన్నా మంచి కబురు మీకెవరు చెప్తారు?

ఇంగ్లండ్ గొప్పదని మా మేనకోడలు మురిసిపోతుంది గానీ, 2004లో అక్కడి డాక్టర్లే మూడు ప్రాంతాల్లో 9,223 పరీక్షలు ఆడిట్ చేస్తే స్కోపు సీకం చేరింది నూటికి 77 మందిలోనేనని తేలింది. గట్టి సాక్ష్యం ఉన్నవి మాత్రమే తీసుకుంటే 57. సిగ్గుపడి ఫైలు మూసేయలేదు వాళ్లు. యూనిట్లకి గుర్తింపు, డాక్టర్లకి శిక్షణ, ప్రతివారికీ లెక్క. 2013లో అచ్చయిన దేశవ్యాప్త ఆడిట్‌లో అది 92 దాటింది, పేగుకి చిల్లుపడే ప్రమాదాలూ బాగా తగ్గాయి.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ ఎండోస్కోపీ పాఠం నేర్చుకోవాల్సిన ఊరు కాదు, చెప్పే ఊరు. ఈ విద్యకే జీవితమంతా ధారపోసిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. మన చేతి నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు. మీలో కొందరు మీ అంకెలు మీరు రాసుకుంటారనీ విన్నాను. నేను చెప్పేది పేషెంటు చేతికొచ్చే కాగితం గురించి. బావగారి తర్వాత తెలిసినవాళ్లవీ, బంధువులవీ కలిపి నా చేతికి 14 కొలనోస్కోపీ రిపోర్టులు వచ్చాయి. పేగు శుభ్రతకి మార్కులు వేసింది మూడింటిలో. వెనక్కి తీసిన సమయం రాసింది ఒక్కదాంట్లో. పద్నాలుగు కాగితాలతో రాష్ట్రాన్ని తూచలేనని నాకూ తెలుసు. కానీ ఒక వీధిలో పద్నాలుగు కొట్లు చూస్తే వీధి సంగతి కొంత తెలుస్తుంది.

మీ అభ్యంతరాలు నేను ఊహించగలను.

పాశ్చాత్యుల అంకెలు మనకెందుకంటారు. నిజమే. అమెరికా వైద్య సంఘాలు కనీస ఏడీఆర్ 2015లో 25 శాతం అని పెట్టి, 2024లో దాన్ని 35కి పెంచాయి. అది 45 దాటిన వాళ్ల లెక్క. మన దేశంలో పెద్దపేగు కేన్సర్ అంత ఎక్కువ కాదు, అందరికీ స్క్రీనింగ్ చేసే కార్యక్రమమూ లేదు. మీ దగ్గరికొచ్చేది రక్తం పడుతోందనో, విరేచనాలు తగ్గడం లేదనో వచ్చే ముప్ఫయ్యేళ్లవాళ్లు కూడా. వాళ్ల మీద 35 రుద్దితే అన్యాయం. మరి మన అంకె ఎంత? గిద్ద, సోల, తవ్వ, మానిక అని కొలుచుకునే రోజుల్లో మానిక ఊరూరికీ మారేది. 1958లో మెట్రిక్ కొలతలు వచ్చాక గానీ ఆ గొడవ తీరలేదు. కొలత మనది కాదని కొలవడం మానేయకూడదు, మన కొలత మనం కట్టుకోవాలి. వయసువారీగా, లక్షణాలున్నవాళ్లూ లేనివాళ్లూ విడివిడిగా రెండేళ్లు లెక్క రాస్తే అది మన చేతిలో ఉంటుంది.

లెక్క పెడితే దొంగలెక్కలు మొదలవుతాయంటారు. ఇది నా సబ్జెక్టు! ఇన్‌స్పెక్టరు కోసం ఒక రాయి, గిరాకీ కోసం ఒక రాయి దాచుకున్నవాళ్లని బోలెడుమందిని చూశాను. ఇక్కడా ఆ దారులున్నాయి. ఒక్క పాలిప్ దొరకగానే "ఈ పేషెంటు లెక్కలోకి వచ్చేశాడు" అని మిగతా పేగు గబగబా దాటేయొచ్చు. అపాయం లేని చిన్న బుడిపెలు తీసి పాలిప్స్ అని రాసుకోవచ్చు. మొదటిదానికి మందు, ఒక్కొక్క పరీక్షలో మొత్తం ఎన్ని దొరికాయో లెక్కించడం. రెండోదానికి మందు, బయాప్సీ రిపోర్టుతో జతచేసిన అంకెనే ఒప్పుకోవడం. కెమెరా రికార్డు చేస్తోందని తెలిస్తే డాక్టర్లు ఇంకా జాగ్రత్తగా చూస్తున్నారని కూడా తేలింది. మేం జీపు దిగేసరికి బజారంతా కాటాలు సరిగ్గా తూగేవి, అలాగన్నమాట.

చిన్న ఊళ్లో ఏడాదికి వంద చేసే డాక్టరుని ఈ అంకెతో ఉరితీయొద్దంటారు. దీనికి నేను మీ పక్షమే. వందలో 25 వస్తే, నిజమైన సంఖ్య 17 నుంచి 34 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే కొన్ని వందల పరీక్షలు పోగయ్యేదాకా ఎవరి మీదా తీర్పు చెప్పకూడదు, పేర్లు బయటపెట్టకూడదు. ముందు ఎవరి అంకె వాళ్లు చూసుకుంటే చాలు.

ఏఐ వచ్చేసింది కదా, తెరమీద అదే గీత గీసి చూపిస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. మంచిదే, వాడండి. మళ్లీ పోలండ్ సంగతే చెప్తాను. ఏఐకి అలవాటుపడ్డ తర్వాత, అది లేకుండా చేసిన పరీక్షల్లో అక్కడి డాక్టర్ల ఏడీఆర్ 28.4 నుంచి 22.4కి పడిపోయిందని 2025లో రాశారు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చిందని తనిఖీ ఎత్తేయలేదు మేము.

పేగు శుభ్రం చేసుకోవడం గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇందులో డాక్టరు ఎంత గొప్పవాడయినా లాభం లేదు. మురికినీళ్లలో చేపని ఎవరు చూడగలరు? దీనికి బోస్టన్ స్కేల్ ఉంది. పేగుని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి. విరేచనాలకిచ్చే పొడి కలిపిన నీళ్లు మొత్తం ముందురోజు రాత్రే తాగించడం కన్నా, సగం రాత్రి, సగం పరీక్షకు నాలుగయిదు గంటల ముందు తాగితే పేగు బాగా తేటపడుతుంది, ముఖ్యంగా కుడివైపు. బావగారికి మొత్తం రాత్రే తాగమన్నారు.

ఆయనకిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. "క్లియర్ లిక్విడ్స్" అంటే మా అక్క పల్చటి మజ్జిగ అనుకుంది. ముందురోజు మధ్యాహ్నం గోంగూర పప్పు పెట్టింది, తేలిగ్గా అరుగుతుందని. దయచేసి తెలుగులో రాయండి. ఆకుకూరలు వద్దు, జామకాయ వద్దు, గింజలున్న టమాటా వంకాయ వద్దు, రాగిజావ వద్దు, తెల్లన్నం తినొచ్చు, చివరిరోజు కొబ్బరినీళ్లు తాగొచ్చు, పాలూ మజ్జిగా తాగకూడదు అని మన వంటింటి మాటల్లో ఒక్క పేజీ. షుగరు మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లు ముందే అడగాలని పెద్దక్షరాల్లో ఒక గీత. ఇంకొకటి: పొద్దున్న ఏడింటి పరీక్షకి పల్లె నుంచి రాత్రి బస్సులో బయల్దేరే మనిషి రెండో విడత ఎక్కడ తాగుతాడు, తాగి ఎక్కడికి పరుగెత్తుతాడు? దూరం నుంచి వచ్చేవాళ్లకి మధ్యాహ్నం స్లాటు ఇస్తే సగం సమస్య తీరుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆసుపత్రి యాజమాన్యాల చెవిన కూడా ఒక మాట వేయాలి. డాక్టరుకి కేసుకింత అని ఇచ్చి, పొద్దుటిపూటే ఇరవై కేసులు రాసిపెట్టి, మడతల వెనక నిదానంగా చూడమంటే చూడలేరు. తొందరపెట్టేది మీరు, పేరుపోయేది వాళ్లకి.

డాక్టరుగారూ, నేను కోరేది చట్టం కాదు. మా శాఖలాంటి శాఖ ఇంకొకటి మీ నెత్తిన కూర్చోవడం నాకూ ఇష్టం లేదు, ఆ కథలు నాకు బాగా తెలుసు. వచ్చే సోమవారం నుంచి మీరిచ్చే ప్రతి రిపోర్టులో మూడు ఉండేలా చూడండి. పేగు శుభ్రతకి మార్కులు, సీకంలో అపెండిక్స్ రంధ్రం కనిపించే ఫొటో, వెనక్కి తీయడానికి పట్టిన నిమిషాలు. బయాప్సీ రిపోర్టులు వచ్చాక నెలకోసారి మీ ఏడీఆర్ మీరే లెక్కేసుకోండి. మీ సంఘాల సమావేశాల్లో పేర్లు తీసేసి ఆ అంకెలు పోగేయండి. నార్మల్ అని పంపిన పేషెంటు మూడేళ్లలో కేన్సర్‌తో తిరిగొస్తే పాత వీడియో గానీ, ఫొటోలు గానీ బయటికి తీసి కలిసి కూర్చుని చూడండి. దోషిని వెతకడానికి కాదు, తర్వాతి మనిషి కోసం.

పేషెంట్లకి కూడా చెప్తున్నాను. పరీక్షకి ముందు డాక్టరుగారిని మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "మీ ఏడీఆర్ ఎంతండీ?" కోప్పడితే కోప్పడనివ్వండి. బంకులో కొలత డబ్బా అడిగినప్పుడు కూడా కోప్పడేవాళ్లు.

నాకిప్పుడు 64. వచ్చే నెల నాకూ పరీక్ష ఉంది. రాత్రి తాగాల్సిన లీటరు, తెల్లవారుజామున తాగాల్సిన లీటరు లెక్క రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. బావగారి పాత రిపోర్టు జిరాక్సు నా బల్లమీదే ఉంది. సీకం ఫొటో ఉండాల్సిన చోట ఆసుపత్రి లోగో ఉంది.

ఇట్లు
తూనికలు కొలతల శాఖ విశ్రాంత ఇన్‌స్పెక్టరు,
రాజమహేంద్రవరం